కుందేలు ఒక్కటే, కాళ్ల లెక్క విశ్వమంతటికీ

2017లో విశాఖపట్నంలో, కట్టుబడి పని సాగుతున్న ఒక చోట తీసిన వీడియో ఫోన్లలో దేశాలు తిరిగింది. అందులో మూడు ప్రాణులు. పాలిపోయిన ముఖాలు, ముఖానికి మించిన నల్లటి కళ్లు, సన్నటి పొడుగు కాళ్లు. నిటారుగా నిలబడి, తలలు అటూ ఇటూ ఊపుతూ, తీస్తున్నవాళ్లనే చూస్తున్నాయి. ఇంకేముంది, గ్రహాంతరవాసులు దిగారన్నారు. పక్షుల సంగతి తెలిసినవాళ్లు చూసి తేల్చిందేమంటే, అవి ఇంకా ఈకలు నిండని గుడ్లగూబ పిల్లలు.

అందరితో పాటు నేనూ నవ్వుకున్నాను. నవ్వు అయిపోయాక ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంది. అదే ఊరి తీరంలో జాలర్ల వలల్లో అప్పుడప్పుడూ ఆక్టోపస్‌లు పడుతుంటాయి. ఒంట్లో ఒక్క ఎముక ఉండదు. గుండెలు మూడు. రక్తం నీలం. తలలో కన్నా చేతుల్లో ఎక్కువ నాడీకణాలు. దాన్ని చూసి ఏ లోకం నుంచి ఊడిపడిందిరా అని ఎవరూ హడలిపోరు. కిలో ఎంత అని అడుగుతారు. గుడ్లగూబ పిల్లకు దక్కిన గ్రహాంతర హోదా ఆక్టోపస్‌కు దక్కకపోవడానికి కారణం ఒక్కటే. అది మనలా నిలబడదు, మనలా ముఖం ముందుకు పెట్టి చూడదు. అంటే మనం ఆకాశంలో వెతుకుతున్నది పరాయివాణ్ని కానే కాదు, కాస్త రంగు మారిన చుట్టాన్ని.

ఇది ఫోన్లు చూసి బెదిరే జనం పొరపాటే అయితే వ్యాసం రాయక్కర్లేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఇదే మాటను శాస్త్రం భాషలో చెబుతున్నారు, అదీ నా పేచీ. వాళ్లలో అందరికన్నా గట్టివాడు సైమన్ కాన్వే మోరిస్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో శిలాజాల మీద జీవితం ధారపోసినవాడు, తేలిగ్గా తీసిపారేయదగ్గ మనిషి కాడు. 2003లో ఆయన ‘లైఫ్స్ సొల్యూషన్’ అనే పుస్తకం వేశాడు. మనుషులు తప్పనిసరి, విశ్వం మాత్రం ఒంటరి అన్నది దాని ఉపశీర్షిక సారాంశం. ప్రాణం పుట్టగల గ్రహాలు అరుదు కావచ్చుగానీ, భూమి లాంటి చోట ప్రాణం పుట్టిందంటే చివరికి మనలాంటి బుద్ధిజీవి రాక తప్పదని వాదన.

ఆ వాదనకు ఉన్న బలాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. ప్రకృతి ఒకే చిక్కుకు ఒకే విరుగుడును పదేపదే కనిపెట్టింది. సొరచేప, ఎప్పుడో అంతరించిన ఇక్తియోసార్ అనే సముద్రపు సరీసృపం, మన డాల్ఫిన్, ఈ మూడూ వేర్వేరు వంశాలు. అయినా మూడింటికీ కదురు లాంటి ఒళ్లే. రెక్కలు పురుగులకు వచ్చాయి, టెరోసార్లకు వచ్చాయి, పక్షులకు వచ్చాయి, గబ్బిలాలకు వచ్చాయి. టాస్మేనియాలో ఉండిన పొట్టసంచి తోడేలు పుర్రెను, మామూలు తోడేలు పుర్రెను పక్కపక్కన పెడితే విద్యార్థులు తికమకపడతారు. దీన్నే అభిసారి పరిణామం అంటారు. ఇన్ని సార్లు ఇన్ని దారులు ఒకే ఊరు చేరుతుంటే, బుద్ధి అనే ఊరికి మాత్రం వేరే రూపంలో ఎందుకు చేరతాయి? రెండు కాళ్లు, రెండు చేతులు, మీద తల, తలలో రెండు కళ్లు, ఇదే కదా ఆ ఊరి పొలిమేర. వాదన ఇలా సాగుతుంది.

మన సామెతలో పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు ఒకడున్నాడు. ఆయన పాపం తన కుందేలు గురించి మాత్రమే వాదించాడు. వీళ్లు ఒక్క కుందేలును పట్టి, విశ్వంలోని కుందేళ్లన్నిటికీ కాళ్లు లెక్కగడుతున్నారు.

సాక్షుల సంగతి చూద్దాం. కోర్టులో పది మంది ఒకే మాట చెబితే బలమైన సాక్ష్యమే. ఆ పది మందీ ఒకే ఇంటి అన్నదమ్ములని తెలిస్తే వకీలు ఊరుకుంటాడా? టాస్మేనియా తోడేలు, మామూలు తోడేలు ఇద్దరూ పాలిచ్చే జంతువులు. వాళ్ల వంశాలు విడిపోయి పదహారు కోట్ల ఏళ్లు కావచ్చు, కానీ విడిపోయే నాటికే నాలుగు కాళ్లు, వెన్నెముక, దవడ, పళ్లు, బొచ్చు అన్నీ ఇద్దరికీ చేతికొచ్చేశాయి. ఒకే రకం ఇటుకలు, ఒకే తాపీ, ఒకే ప్లాను ఇచ్చి రెండు ఇళ్లు కట్టిస్తే వంటగది పోలినట్టుందని ఆశ్చర్యపోవడం లాంటిది ఇది. అదే మేత మేయడమనే పనికి వేరే చోట వచ్చిన జవాబు చూడండి. మన దగ్గర జింక వచ్చింది. ఆస్ట్రేలియాలో కంగారూ వచ్చింది. రెండూ గడ్డి తినేవే, రెండూ పరుగెత్తి తప్పించుకోవాల్సినవే. ఒకటి నాలుగు కాళ్ల మీద దూకుతుంది, ఇంకొకటి తోకను ఆసరా చేసుకుని రెండు కాళ్ల మీద గెంతుతుంది. పోలిన జంటలను పటం కట్టి గోడకు తగిలించి, పోలని జంటలను అటక మీద పడేయడం ఈ వాదనకు బాగా అలవాటు.

పటం కట్టిన జంటలను కూడా దగ్గరికెళ్లి చూస్తే కథ మారుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందకీ కొట్టుకుంటుంది. ఇక్తియోసార్ తోక నిలువుగా ఉండేది, ఎడమకూ కుడికీ కొట్టేది. నీరు ఒకటే, వేగం ఒకటే, తోక ఎందుకు వేరు? డాల్ఫిన్ పూర్వీకులు నేల మీద నడిచిన పాలిచ్చే జంతువులు. పరుగెత్తేటప్పుడు వాటి వెన్ను పైకీ కిందకీ వంగేది. సముద్రంలోకి దిగినా ఆ వంపు వదల్లేదు. సరీసృపాల వెన్ను పక్కలకు వంగుతుంది, వాటి తోక అలా వచ్చింది. చూశారా, అభిసారి పరిణామానికి ఆస్థాన సాక్షిలాంటి డాల్ఫిన్ తోక మీదే తాతల చరిత్ర రాసి ఉంది. పైగా అదే సముద్రంలో స్క్విడ్ ఉంది. నీళ్లను వెనక్కి చిమ్ముతూ, పది చేతులు వెంటేసుకుని అదీ దూసుకెళుతుంది. భౌతికశాస్త్రం దాన్ని కదురులా ఉండమంది గానీ చేపలా ఉండమనలేదు.

మన ఒంటి లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలుసు. నాలుగు అవయవాలు ఎందుకు? మన పూర్వీకులైన చేపలకు కండ ఉన్న రెక్కలు రెండు జతలు ఉండేవి కాబట్టి. ఐదు వేళ్లు ఎందుకు? ఇక్కడ విచిత్రం ఉంది. దాదాపు ముప్పై ఆరు కోట్ల ఏళ్ల కిందట బతికిన అకాంథోస్టెగా అనే తొలినాటి నాలుగు కాళ్ల జీవికి ముందు కాలికి ఎనిమిది వేళ్లు. దాని సమకాలికురాలు ఇక్తియోస్టెగాకు వెనక కాలికి ఏడు. 1990లో మైకేల్ కోట్స్, జెన్నీ క్లాక్ ఈ సంగతి బయటపెట్టే దాకా ఐదనేది నాలుగు కాళ్ల జాతికంతటికీ బ్రహ్మ రాసిన అంకె అనుకునేవారు. ఎనిమిది వేళ్ల వంశం నిలబడి ఉంటే మన పిల్లలు పదహారో ఎక్కం దగ్గర ఏడ్చే బదులు దాంతోనే మొదలుపెట్టేవాళ్లు. ఐదు నెగ్గడానికి బుద్ధితో ఏ సంబంధమూ లేదు.

1982లో కెనడాలో డేల్ రసెల్ అనే శిలాజ శాస్త్రవేత్త ఒక బొమ్మ చేయించాడు. ట్రూడాన్ జాతి డైనోసార్‌కు ఒంటిని బట్టి చూస్తే మెదడు పెద్దది. ఉల్క పడకుండా ఉండి ఉంటే దాని వారసులు ఎలా తయారయ్యేవారని ప్రశ్న. శిల్పి రాన్ సెగ్విన్ చేతిలో తయారైనది ఏమిటయ్యా అంటే పచ్చటి చర్మం, పెద్ద తల, నిటారు నడక, తోక లేని మనిషి! ఒంటి తూకమంతా తోక మీద నిలుపుకున్న జంతువుకు ముందు తోకే కోసేశారు. మ్యూజియంలో పిల్లలు దాన్ని చూసి కళ్లింత చేసుకున్నారంటే తప్పు పట్టను, మంచి బొమ్మ. కానీ ఆ ప్రశ్నకు ఊహ అక్కర్లేదు. డైనోసార్ల వారసులు చచ్చిపోలేదు, మన పెరట్లో తిరుగుతున్నారు. ఆరున్నర కోట్ల ఏళ్లుగా పరిణామం వాళ్ల మీద పనిచేస్తూనే ఉంది. అందులో తెలివైనది ఎవరయ్యా అంటే కాకి. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూ కాలెడోనియా కాకి తిన్నటి తీగను కొక్కెంలా వంచి, గొట్టంలో ఉన్న తిండి బుట్టను పైకి లాగింది. చేతులు లేవు, ముక్కుంది. మన మెదడులో ఉన్నటువంటి పొరల కార్టెక్స్ లేదు, ఇరుకు బుర్రలో కిక్కిరిసిన న్యూరాన్లున్నాయి. వెన్ను నేలకు సమాంతరంగానే ఉంది. డైనోసార్ తెలివిమీరితే ఏమవుతుందో చూడాలంటే పితృకార్యం నాడు పిండం పెట్టి పిలిస్తే చాలు.

మనిషి లాంటిది రావడం తప్పనిసరి అనేవాళ్లు ఇంకో లెక్క కూడా చూడాలి. ప్రకృతి ఈ ప్రయోగాన్ని మన భూమి మీదే విడివిడి గదుల్లో చేసింది. మడగాస్కర్ దీవికి లెమూర్ల పూర్వీకులు చేరి ఐదారు కోట్ల ఏళ్లయిందంటారు. మన దూరపు చుట్టాలే, పట్టుకునే చేతులున్నవాళ్లే. వాళ్ల నుంచి గొరిల్లా అంతటి లెమూర్లు వచ్చాయి, తలకిందులుగా కొమ్మలకు వేలాడేవి వచ్చాయి. రెండు కాళ్ల మీద నడిచి నిప్పు రాజేసేది రాలేదు. దక్షిణ అమెరికాకు కోతులు చేరి మూడున్నర కోట్ల ఏళ్లు దాటింది. బ్రెజిల్‌లో సెర్రా డా కపివారా దగ్గర కపూచిన్ కోతులు రాళ్లతో జీడిపిక్కలు పగలగొడతాయి, ఆ అలవాటుకు మూడు వేల ఏళ్ల ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికాయి. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పని దొరుకుతుందేమో గానీ, అవీ మనుషులు కాలేదు. న్యూజీలాండ్ సుమారు ఎనిమిది కోట్ల ఏళ్లు ఒంటరిగా ఉండిపోయింది. అక్కడ నేల మీద తిరిగే పెద్ద ప్రాణుల కొలువులన్నీ పక్షులకు దక్కాయి. మోవా వచ్చింది, కివీ వచ్చింది. చార్లీ లైన్‌వీవర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎప్పటి నుంచో ఈ మాటే అడుగుతున్నాడు: మనిషి ఆకారపు కుర్చీ ఒకటి ప్రకృతిలో ఖాళీగా వేసి ఉంటే, ఇన్ని గదుల్లో ఒక్కరైనా వచ్చి కూర్చోలేదేం? దీనికి కాన్వే మోరిస్ పక్షం దగ్గర ఉన్న సమాధానం ‘ఇంకా టైముంది’ అనడమే. కోట్ల ఏళ్ల వాయిదాలడిగే బాకీదారును ఎవరు నమ్ముతారు?

తోక లేకుండా, నిలువు వెన్నుతో, అడుగు మీద అడుగు వేసి నడిచే వంశం ఈ భూమ్మీద మనదొక్కటే. కళ్లు నలభై సార్లకు పైగా విడివిడిగా పుట్టాయని లెక్కగట్టారు. రెక్కలు నాలుగు సార్లు. మన నడక ఒక్కసారి. పదేపదే పుట్టినవాటిని చూపించి, ఒక్కసారి పుట్టినదాన్ని తప్పనిసరి అనడం ఏ తర్కమో నాకు అంతుపట్టదు. ఆ నడకకు మనం కడుతున్న పన్ను సంగతి నడుం నొప్పితో మంచమెక్కిన ఎవరిని అడిగినా చెబుతారు.

మళ్లీ ఆక్టోపస్ దగ్గరికి వస్తాను. నా వాదనంతా దాని ఎనిమిది చేతుల మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త తీరిగ్గా.

మనకూ దానికీ ఉమ్మడి పూర్వీకుడు యాభై కోట్ల ఏళ్లకు ముందే ఎక్కడో నీటి అడుగున పాకిన పురుగు లాంటి జీవి. మెదడని చెప్పుకోదగ్గది దానికి లేదు. అక్కడి నుంచి రెండు దారులు. ఆక్టోపస్ దారిలో సుమారు యాభై కోట్ల న్యూరాన్లు పోగయ్యాయి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లో ఉన్నాయి. తెగిపోయిన చెయ్యి కూడా కాసేపు తాకినదాన్ని పట్టుకుంటుంది, ముల్లు తగిలితే ముడుచుకుంటుంది. తల ఆజ్ఞాపించడం, చెయ్యి శిరసావహించడం అన్న మన ఏర్పాటు దానికి లేదు. పెద్దలు సంతకం పెట్టేలోపే కింది గుమాస్తాలు పని చక్కబెట్టే ఆఫీసు అది. చేతుల మీది ఒక్కో బొడిపె రుచి కూడా చూడగలదు. చర్మం రెప్పపాటులో రంగు మారుస్తుంది, ఆ కంటికి మాత్రం మనలా రంగులు విడదీసే ఏర్పాటు లేదు. ఇండోనేషియా సముద్రంలో ఒక జాతి ఆక్టోపస్ మనుషులు పారేసిన కొబ్బరి చిప్పలను ఏరుకుని, కడిగి, చంకన పెట్టుకుని మోసుకుపోతుంది. ఆపద రాగానే రెండు చిప్పలు మూసుకుని లోపల కూర్చుంటుంది. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని నమోదు చేశారు. రేపటి అవసరానికి ఇవాళ బరువు మోయడం కన్నా తెలివికి గుర్తు ఏం కావాలి?

ఇందులో అవతలి పక్షానికి గొప్పగా పనికొచ్చేది ఒకటుంది, కన్ను. ఆక్టోపస్ కన్నూ మన కన్నూ కెమెరా లాంటివే. ముందు కటకం, వెనక రెటీనా. నిజమే, ఒప్పుకుంటాను. ఇంకొంచెం ముందుకెళ్లి చెబుతాను, దాని కన్నే మెరుగు. మన కంట్లో నరాల తీగలు రెటీనా ముందు నుంచి పోయి, ఒక చోట రంధ్రం చేసుకుని వెనక్కి వెళతాయి. అక్కడ మనకు గుడ్డి మచ్చ ఉంది. దాని తీగలు మొదటి నుంచీ వెనకే ఉన్నాయి, మచ్చ లేదు. అభిసారి పరిణామం కన్నును రెండు సార్లు ఇచ్చింది, సరే. ఆ కన్ను దేనికి తగిలించి ఉందో చూడండి. ఒకచోట ఎముకల గూటికి, ఇంకోచోట ఎముకే లేని సంచికి. పనిముట్లు పదేపదే పుడతాయి, వాటిని మోసే ఒళ్లు పుట్టదు. కన్ను వస్తుందన్న హామీ మీద ముఖం కూడా వస్తుందని అప్పు పెంచుకోవడమే ఈ వాదంలోని మోసం. ముఖమే అక్కర్లేదని చెప్పే ప్రాణులు మన పొరుగునే ఉన్నాయి. బాక్స్ జెల్లీఫిష్‌కు గొడుగు చుట్టూ ఇరవై నాలుగు కళ్లు. నక్షత్ర చేపకు ప్రతి చేతి కొసనా ఒక కన్ను.

ఇక్కడ ఎవరైనా అడ్డుకుని, ఆక్టోపస్ ఏడాదో రెండేళ్లో బతికి చస్తుంది, తల్లి గుడ్లు పొదిగి పిల్లల ముఖం చూడకుండా పోతుంది, దానికి సంస్కృతి ఎక్కడిది అనొచ్చు. న్యాయమైన అభ్యంతరం. ఆక్టోపస్ రేపు రాకెట్ కడుతుందని నేను అనడం లేదు. కానీ గమనించండి, దాన్ని ఆపుతున్నది ఆయుర్దాయం, ఒంటరితనం. ఎనిమిది చేతులు ఆపడం లేదు. ఆయుష్షు ఎక్కువున్న, గుంపుగా బతికే మెత్తటి ఒంటి జీవి ఇంకో సముద్రంలో ఉండకూడదనే సూత్రం ఎక్కడా రాసి లేదు.

అప్పుడు వాళ్లు ఆఖరి అస్త్రం తీస్తారు, నిప్పు. నీళ్లలో నిప్పు రాజదు, నిప్పు లేనిదే లోహం లేదు, లోహం లేనిదే రేడియో లేదు, రేడియో లేనివాడు మనకు తెలిసేదెలా? కాబట్టి బుద్ధిజీవి నేల మీదే ఉంటాడు, చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి రెండు కాళ్ల మీద నడుస్తాడు. ఇది నిజంగా ఆలోచించదగ్గ వాదన, తక్కినవాటిలా కొట్టిపారేయలేను. మొదటి సగం వరకు ఒప్పుకుంటాను కూడా. రెండో సగంలో గెంతు ఉంది. నిప్పు అడిగేవి మూడు: పొడి నేల, చాలినంత ఆక్సిజన్, కట్టెను పట్టి పెట్టే అవయవం. అది రెండు కాళ్లు అడగదు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఏనుగు తొండంతో దుంగను లాగుతుంది, అదే తొండంతో నేల మీది గింజను ఏరుతుంది. ఒక్క తొండం చాలింది, చేతులు ఖాళీ చేసుకోవడానికి లేచి నిలబడనక్కర్లేదు. ఆరు కాళ్ల జీవి అయితే నాలుగింటి మీద నడిచి రెండింటితో పని చేసుకునేది. మనం నిలబడాల్సి వచ్చింది ఎందుకంటే మన చేప తాత నాలుగే ఇచ్చి పోయాడు. ఇది ఇంటి పేదరికం, దీన్ని విశ్వధర్మంగా చాటడం ఎందుకు?

ఇంకొక మాట. రేడియో ఉన్నవాడే బుద్ధిమంతుడైతే మన సంగతేమిటి? మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన జాతి ఎముకల వయసు సుమారు మూడు లక్షల ఏళ్లు. రేడియో తరంగాలతో మనిషి పనిచేయించుకోవడం మొదలుపెట్టి నూట ముప్పై ఏళ్లు. మధ్యలో పుట్టి పోయిన తరాలన్నీ, వేదం వల్లించినవాళ్లతో సహా, ఈ కొలతకు మందబుద్ధులే. వెతికే పనిముట్టుకు దొరికేదాన్నే ఉన్నదనుకుంటే ఇలాగే ఉంటుంది.

ఒక తల, ఒక ‘నేను’ అన్నది కూడా మన ఇంటి అలవాటే. తేనెటీగల గుంపు కొత్త పట్టుకు చోటు ఎంచుకునేటప్పుడు వేగులు వచ్చి తాము చూసిన చోటును నాట్యంతో చెబుతాయి. మంచి చోటు చూసినవి ఎక్కువసేపు ఆడతాయి. ఒక చోట తగినంత మంది పోగవగానే నిర్ణయం అయిపోతుంది. రాణి ఈగకు ఇందులో పాత్రే లేదు. ఒక్కో ఈగ మెదడులో పది లక్షల లోపు న్యూరాన్లు. ఆలోచించింది ఎవరు? అలాంటి గుంపు వేల రెట్లు పెరిగి ఏదో గ్రహం మీద ఉంటే, ‘మీ నాయకుడి దగ్గరికి తీసుకెళ్లండి’ అని మనం అడిగే ప్రశ్నే దానికి అర్థం కాదు.

ఇంత వరకూ భూమి దాటలేదు. దాటితే పరిస్థితి ఇంకా ఘోరం. పాలపుంత నక్షత్రాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఎర్ర మరుగుజ్జులు. వాటి వెలుగులో ఎక్కువ భాగం మన కంటికి కనపడని పరారుణం. 2017లో ఏడు గ్రహాలతో వార్తల్లోకెక్కిన ట్రాపిస్ట్-1 అలాంటిదే, దూరం దాదాపు నలభై కాంతి సంవత్సరాలు. ఆ గ్రహాలు నక్షత్రానికి ఎంత దగ్గరంటే, మన చందమామలా ఎప్పుడూ ఒకే వైపు చూపిస్తూ తిరుగుతూ ఉండొచ్చు. ఒక పక్క ఎడతెగని పగలు, ఇంకో పక్క ఎడతెగని రాత్రి. బృహస్పతి చందమామ యూరోపాలో మంచు పెంకు కింద మన సముద్రాలన్నిటికన్నా ఎక్కువ నీరు ఉందని అంచనా. 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో అక్కడికి చేరుతుంది. ఆ చీకటి నీటిలో ఎవరైనా ఆలోచించేవాళ్లుంటే వాళ్లకు నక్షత్రం అనే మాట ఉండదు. ప్రతిధ్వనితోనో, ఆఫ్రికా నదుల్లో కొన్ని చేపల్లా విద్యుత్తుతోనో చుట్టూ ఉన్నదాన్ని తడుముకుంటారు. వాళ్లకు మనలాంటి ముఖం దేనికి?

మరి ఈ ముఖం మన బుర్రల్లోకి ఎలా దిగింది? బూడిద రంగు ఒళ్లు, బోడి తల, బాదం గింజ కళ్లు. దీని వంశవృక్షం ఆకాశంలో లేదు. హెచ్.జి. వెల్స్ 1893లో ఒక పత్రికకు రాసిన వ్యాసంలో పది లక్షల ఏళ్ల తర్వాతి మనిషిని ఊహించాడు. మెదడు ఉబ్బి, ఒళ్లు కుంచించుకుపోయిన మనిషి. అంటే మనల్ని భయపెడుతున్న గ్రహాంతరవాసి మన మునిమనవడే. తమాషా ఏమిటంటే, అదే వెల్స్ 1898 నవలలో అంగారకుణ్ని రెండు కాళ్ల మీద నిలబెట్టలేదు. ఒక తలకాయ, దానికి పదహారు కొరడాల్లాంటి మీసాలు ఇచ్చాడు. పుస్తకానికి ఉన్న ఆ ధైర్యం తెరకు చాలలేదు. 1966లో మొదలైన స్టార్ ట్రెక్‌లో విశ్వమంతా మనుషులే, నొసటి మీద ఎత్తులు, చెవుల కొసలు మాత్రం మారతాయి. వేషం వేసే నటుడికి రెండు కాళ్లుంటాయి కదా! మనవాళ్లు 2003లో ‘కోయీ మిల్ గయా’లో నీలం రంగైనా పూశారు. 2014లో ‘పీకే’ వచ్చేసరికి ఆ ఖర్చూ మిగిల్చి ఆమిర్‌ఖాన్‌నే దింపారు.

మన పాతవాళ్ల ఊహ ఇంత ఇరుకు కాదు. అరణ్యకాండలో రామలక్ష్మణులకు ఎదురైన కబంధుడికి తల లేదు, కడుపులో నోరు, ఒంటి మీదే కన్ను, యోజనం పొడుగు చేతులు. పొరుగున ఒడిశాలో సారళాదాసు భారతంలో నవగుంజరం ఉంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుం, పాము తోక, ఇలా తొమ్మిది ప్రాణులు కలిసిన ఒక్క ప్రాణి. అర్జునుడు దాన్ని చూసి బాణం ఎక్కుపెట్టాడు. తర్వాత దాని ఒక అవయవం మనిషి చెయ్యి అని, ఆ చేతిలో తామర ఉందని గమనించి, కృష్ణుడని గుర్తుపట్టి విల్లు దించాడు. ఎంత తెలిసి చెప్పాడో ఆ కవి! మనిషి చెయ్యి కనపడే దాకా మనకు ఎదుటివాడిలో దేవుడు కూడా కనపడడు.

1972లో పయనీర్ 10 మీద ఒక లోహపు ఫలకం పంపాం. నగ్నంగా ఒక పురుషుడు, ఒక స్త్రీ. పురుషుడు చెయ్యెత్తి పలకరిస్తున్నాడు. వ్యోమనౌక వెళ్లే దారికి ఒక బాణం గుర్తు. కళాచరిత్రకారుడు ఎర్నెస్ట్ గోంబ్రిచ్ ఆ ఏడే అడిగాడు, వేటాడి బతికిన జాతి కాకపోతే బాణం మొన ఎటు చూపుతుందో ఎలా తెలుస్తుందని. 1977లో వోయేజర్లతో బంగారు పూత రికార్డు పంపాం. అందులో యాభై ఐదు భాషల్లో పలకరింపులున్నాయి, మన తెలుగూ ఉంది. నాకూ గర్వమే. వినేవాడికి చెవి ఉండాలని, ఉన్నా అది మన గొంతు పలికే స్థాయిలోనే వినాలని మాత్రం మనకు తట్టలేదు.

నేను చెబుతున్నది కొత్తదేమీ కాదు. అమెరికా శిలాజ శాస్త్రవేత్త జార్జ్ గేలార్డ్ సింప్సన్ 1964లోనే ‘సైన్స్’ పత్రికలో మనిషిని పోలినవాళ్లు ఉండే అవకాశం బహు స్వల్పమని వ్యాసం రాశాడు. ఆయన మాట పాతదైపోలేదు, వినబుద్ధి కానిదైపోయింది.

చివరగా కాన్వే మోరిస్ గారి గురించే ఒక ముచ్చట. కెనడా రాకీ పర్వతాల్లో బర్జెస్ షేల్ అనే చోట యాభై కోట్ల ఏళ్ల నాటి మెత్తటి జీవుల శిలాజాలు దొరుకుతాయి. 1909లో చార్లెస్ వాల్కాట్ కనిపెట్టాడు. అందులో వేలెడు కూడా లేని ఒక ప్రాణి ఉంది. వాల్కాట్ దాన్ని ఏదో పురుగుల జాబితాలో వేశాడు. 1977లో కుర్ర శాస్త్రవేత్త కాన్వే మోరిస్ దాన్ని మళ్లీ పరీక్షించి, ఇది కలలోంచి వచ్చినట్టుందని హాలూసిజెనియా అని పేరు పెట్టాడు. ఏడు జతల ముళ్ల మీద అది నడుస్తుందని, వీపు మీద మెత్తటి గొట్టాలు ఊగుతాయని బొమ్మ గీశాడు. 1991లో చైనాలో దొరికిన శిలాజాలతో పోల్చి చూసిన లార్స్ రామ్‌షోల్డ్, హౌ షియాన్‌గువాంగ్ దాన్ని తిరగేశారు. ముళ్లు వీపున, మెత్తటివే కాళ్లు. పద్నాలుగేళ్లు ఆ ప్రాణి పుస్తకాల్లో తలకిందులుగా నడిచింది. 2015లో మార్టిన్ స్మిత్, జాన్-బెర్నార్డ్ కారన్ ఇంకోసారి చూసి, తల అనుకుంటున్న ఉబ్బు అసలు తలే కాదని, కుళ్లేటప్పుడు కారిన ద్రవపు మరక అని, రెండు కళ్లున్న తల అవతలి కొసన ఉందని తేల్చారు.

అది పుట్టింది మన భూమి మీదే. శిలాజం చేతిలో ఉంది, మైక్రోస్కోప్ బల్ల మీద ఉంది, చూసినవాళ్లు ఆ విద్యలో ఉద్దండులు. తల ఎటువైపుందో తెలియడానికి వందేళ్లు పట్టింది.